రేడియేటర్‌లో ఉప్పు

యమునా,

కారు స్టార్ట్ చెయ్యకు. రేడియేటర్ విప్పి టెక్కలి తీసుకెళ్లారు. సాయంత్రం మెకానిక్ ధనరాజ్ తెచ్చి బిగిస్తాడు. కూలెంటే పొయ్యమను, మన బోరు నీళ్లు మాత్రం ఇవ్వకు. అన్నం వండి ఉంచాను, తిను.

థర్మోస్టాట్ మార్చాం, ఫ్యాన్ మార్చాం, అయినా ఇంజన్ మరుగుతూనే ఉంది కదా. ఈవేళ విప్పి చూస్తే గొట్టాల నిండా తెల్లగా గడ్డకట్టి ఉంది. "ఏటి సార్, నౌపడ ఉప్పుమళ్ల నీళ్లు పోసీసినారేటి?" అన్నాడు ధనరాజ్. మన బోరు నీళ్లు పోసింది నేనే. కూలెంట్ దండగని మూడు నెలలుగా పోస్తున్నాను.

పాడుబండి అంటగట్టాడని మీ గిరిబాబు అన్నయ్యని, మీ అక్క చిన్నతల్లి వదిన పదోరోజున అందరి ముందూ తిట్టాను.  బావని క్షమించమని అడగడానికి బొబ్బిలి వెళ్తున్నాను. రేపు వస్తాను.

ఇంకోమాట. మీ అక్క పోయిన రోజు చిలకపాలెంలో బండి ఆగిపోతే బస్సెక్కి పోతానన్నావు. "ఉండవే, పది నిమిషాల్లో సల్లారిపోతాది" అని చెయ్యి పట్టుకుని ఆపాను. మనం చేరేసరికి మీ అక్కని శ్మశానానికి తీసుకెళ్లిపోయారు. ఆ బస్సు మాట నువ్వు ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎత్తలేదు.