స్పిరిట్ తాగే జీవి

మార్చి 4
మాతో పనిచేసే షియుఫెన్ అక్కను ఉపగ్రహం తయారయ్యే, దుమ్ము చొరబడని క్లీన్‌రూమ్ లోంచి గెంటేశారు. గెంటినవాడు మా సెక్షన్ చీఫ్ జువాంగ్. ఉపగ్రహం మీద తుడిచిన దూదిపుల్ల నుంచి ల్యాబ్ ప్లేటులో సూక్ష్మజీవులు మొలిచాయట. సాక్ష్యం లేదు, విచారణ లేదు. మొహానికి క్రీము రాసుకుని లోపలికి వచ్చి ఉంటావని అందరి ముందూ అన్నాడు, బ్యాడ్జి లాక్కున్నాడు. ఆ ఉపగ్రహం మీద మూడేళ్లు పనిచేసిన మనిషి! ఈ నెల ఇరవై రెండున ఉపగ్రహానికి మూత బిగించేటప్పుడు అక్క ఉండదట. తప్పు ఎప్పుడూ కిందివాళ్ల మీదికే దొర్లుతుందని నేను చదివిన కార్మికుల కరపత్రాలన్నీ చెబుతున్నాయి. నేనూ ఒకటి రాశాను.

మార్చి 5
కరపత్రాలు సూట్ లోపల దాచి తీసుకెళ్లాను. మామూలు కాగితం పీచు రాలుస్తుందని, లోపల నీలం కాగితమే వాడాలని చేరిన రోజే నేర్పారు. ఆవేశంలో గుర్తుంటేనా. మొదటిది బయటికి తీయగానే ధూళి మీటరు కూత పెట్టింది. అందర్నీ బయటికి తోలారు.

మా శించూ ఊరి గాలికి గ్లాసులు ఎగిరిపోతున్న సోయాపాల కొట్టు దగ్గర అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒరేయ్ బోయూ, గది పాడుచేశానని నా మీద వట్టి నింద. నువ్వు నిజంగానే చేశావు కదరా."

మార్చి 10
అక్క ఇప్పుడు గదిలోకి రావడం లేదు. ప్లేటులో మాత్రం ఇంకా ఎక్కువ మొలిచాయి. చీఫ్ స్పిరిట్‌తో రెండింతలు తుడవమన్నాడు. యంత్రాలు బుద్ధిగా ఉంటాయన్న నమ్మకంతో ఇక్కడ గది బయట పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లం కూడా తీయించి కొత్తది పెట్టించాడు.

మార్చి 14
ల్యాబ్‌లో పనిచేసే పెయ్‌లిన్ తేల్చింది. అది ఒంటి మీద బతికే రకం కాదట. తిండి లేని ఆ గదిలో మిగతావన్నీ చస్తే, ఇది మాత్రం మేం తుడిచిన స్పిరిట్ చెమ్మనే తిని బతుకుతోందట. అంటే చీఫ్ పెట్టింది డబుల్ మీల్స్! నవ్వీ నవ్వీ నా కళ్లద్దాలు మసకబారాయి. ఆ జీవి మీద కాస్త గౌరవం కూడా కలిగింది. చంపడానికి తెచ్చినదాన్నే అన్నం చేసుకుంది. ఇది ఏ కరపత్రంలోనూ లేదు.

మార్చి 20
తుడిచే మందు మార్చాక ప్లేటు ఖాళీ. నింద అందరి ముందూ వేశారు, క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలని చీఫ్‌తో గట్టిగానే అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. లాకర్ల దగ్గర, అందరూ చూస్తుండగా, బ్యాడ్జినీ కొత్త ఆకుపచ్చ పొట్లాన్నీ రెండు చేతులతో అక్కకు ఇచ్చి తల వంచాడు.

"తప్పు నాది, షియుఫెన్."

అక్క బ్యాడ్జి మెడలో వేసుకుంది. పొట్లం తెచ్చి నా లాకరు మీద పెట్టింది. "బుద్ధిగా ఉండాల్సింది వీడు సార్."

చీఫ్ కూడా నవ్వాడు. నాకు మండింది. కాసేపే.

మార్చి 21
బోర్డు మీద రాశాను: రేపు ఉదయం ఎనిమిదికి మూత బిగింపు. చివరి స్క్రూ అక్కే తిప్పుతుంది. అందరూ అద్దాల కిటికీ దగ్గరికి రండి. కాగితాలు తేవద్దు.