గడ్డి బండి, దాని తాళం చెవి విషయమై

అబ్బాయ్, నీ నడుము నొప్పి ఎలా ఉంది? కోడలా, మోకాలి వాపు తీసిందా? అమ్మాయీ, నీ దగ్గు తగ్గిందా, అల్లుడుగారు బీపీ మాత్రలు నీ కళ్లముందే మింగుతున్నారా, లేక జేబులో వేసుకుని మింగానంటున్నారా? తమ్ముడూ, కంటి ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు మానేశావని విన్నాను. మానకు. చంటిది కులాసాగానే ఉందనుకుంటాను గానీ నిన్న వరసగా తుమ్మింది, ఎవరైనా పట్టించుకున్నారో లేదో.

నేను బాగానే ఉన్నాను. వీలునామాలో మొట్టమొదట ఆ ముక్కే ఉండాలని దస్తావేజులు రాసే ఆయన చెప్పాడు. కనుక రాస్తున్నాను. నా మతి స్థిరంగా ఉంది, జ్ఞాపకం సరిగా ఉంది, నిద్ర ఒక్కటే సరిగా లేదు, దానికి కారణం నాలుగో దఫాలో ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు. అయిదో తరగతితో బడి మానేసినదాన్నే అయినా ఇది నా చేత్తో నా ఇష్టప్రకారం రాస్తున్నాను. నా తదనంతరం నా పేర ఉన్న సమస్తానికీ ఈ ఏర్పాట్లే చెల్లుతాయి. వీటిని అమలు జరిపే పెత్తనం నా తమ్ముడిది. వాడు మెతక మనిషని తెలుసు. మిగిలినవాళ్లు వాడికంటే మెతక.

1. ఇల్లు, షెడ్డు అబ్బాయికీ అమ్మాయికీ సమానంగా చెందాలి. షెడ్డులో పెట్రోలు డబ్బా పక్కన అగ్గిపెట్టె పెట్టేవాడికి భాగం ఇవ్వకూడదని రాయాలనిపించింది. అలా రాస్తే చెల్లదన్నారు.

2. కుట్టుమిషను అమ్మాయికి. మీ నాన్న ఉన్నరోజుల్లో బండి తోలేటప్పుడు చెవులకు పెట్టుకునే మూతలు కూడా అమ్మాయికే. అల్లుడుగారు వెన్నలాంటి మనిషి. కానీ మాట మొదలుపెడితే ఇంజను నయం.

3. నా ఉన్ని శాలువా తమ్ముడికి. చలిగాలిలో చెవులు కప్పుకోకుండా తిరుగుతాడు. చిన్నప్పుడు వాణ్ని నా చెంగులో చుట్టి మోసిన దాన్ని, ఇప్పుడు చెప్తే వింటాడా.

4. ఇక ఎక్కి తోలే గడ్డి కోత బండి. బడి మైదానం, ఆసుపత్రి పచ్చిక, ఇంకా అక్కడా ఇక్కడా గడ్డి కోసి మనం ఇన్నాళ్లు తిన్నది దాని మీదే. కాగితాలు నా పేర ఉన్నాయి. బండి మంచిది, తోలేవాళ్లతోనే నా చావు. మీ నాన్న తడి గడ్డి ఇరుక్కుందని ఇంజను ఆపకుండానే చెయ్యి పెట్టాడు. చూపుడు వేలి కొస పోయింది. కట్టు కట్టించుకుని వచ్చి, "మిగతావి ఉన్నాయిలేవే" అన్నాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఆయన మారు వడ్డించుకున్నాడు.

కొడుకు తండ్రిని మించాడు. ఆ బండి సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. మనిషి కూర్చుంటే ఇంజను నడుస్తుంది, లేస్తే ఆగుతుంది. దాని స్ప్రింగు వదులై, గుంటలో పడ్డప్పుడల్లా ఇంజను ఆగిపోతోందని మనవాడు అక్కడొక చెక్కముక్క దూర్చాడు. ఇక సీట్లో మనిషి ఉన్నా లేకపోయినా స్విచ్చికి ఒకటే. మెకానిక్కుకి చూపించరా అంటే, బండి షాపులో పెడితే పని ఆగిపోతుందన్నాడు. వానలు తగ్గాక చూస్తానన్నాడు. ముందు పోయేది వానలా, నా ప్రాణమా?

మొన్న ఆసుపత్రి వెనక వాలులో కోస్తున్నాడు. పొద్దున వాన పడింది. గడ్డి తడిగా ఉంటే వాలు మీదికి పోకూడదని బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది, చదువు రానివాళ్లకీ తెలిసేలా. ఇతగాడు పోయాడు. బ్లేడు ముందర ఏదో తీగ కనిపిస్తే, బ్రేకు బిగించకుండా, ఇంజను ఆపకుండా దిగాడు. చెక్కముక్క పుణ్యమా అని బ్లేడు తిరుగుతూనే ఉంది. బండి జారింది. కింద కోడలు అటు తిరిగి, కోసిన గడ్డి పళ్ల కర్రతో పోగు చేస్తోంది. ఇంజను చప్పుడు దగ్గరైందని తల తిప్పి, కర్ర వదిలేసి పక్కకు దూకింది. మోకాలు వాచింది అందుకే. గుమ్మం తగిలిందని నాకు చెప్పారు. పళ్ల కర్ర పిడి ముక్కలు షెడ్డులో చూశాక గదా అసలు సంగతి బయటపడింది.

అడిగితే, "బండికేం కాలేదమ్మా" అన్నాడు. నేనడిగింది బండి గురించా?

కాబట్టి సదరు బండి, దాని తాళం చెవి, విడి భాగాలతో సహా సర్వహక్కులతో నా కోడలికి చెందాలి. అబ్బాయి దాన్ని తోలవచ్చు, అదీ ఆమె తాళం ఇస్తేనే. కోయబోయే చోట ముందు నడిచి రాళ్లు, తీగలు ఏరాలి. వాలు మీద పైకీ కిందికీ కోయాలి గానీ అడ్డంగా పోకూడదు. వెనక్కి తోలేటప్పుడు తల తిప్పి చూడాలి. గడ్డి ఇరుక్కుంటే తాళం తీసి, బ్లేడు ఆగాకే ముట్టుకోవాలి. ఇంజను వేడి మీద పెట్రోలు పోయకూడదు. చంటిదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరేగకూడదు. అది నవ్వుతుందిట. నవ్వదూ మరి, దానికేం తెలుసు?

కోడలికే ఎందుకంటారా. ఈ ఇంట కాలుపెట్టిన వారానికే, కూర మాడిందేమని నేనంటే, "మీరు పిలిచి వేరే పని చెప్పారు కదత్తయ్యా, అప్పుడు మాడింది" అంది. ఆ మాట ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నాను, ఇప్పటికీ మింగుడుపడలేదు. కానీ నేను కసిరితే అబ్బాయి నవ్వుతాడు, ఏడిస్తే కాఫీ తెచ్చిస్తాడు. వాడికి ఎదురు నిలిచి కాదనగలిగే మనిషి ఈ ఇంట్లో ఆమె ఒక్కతే.

ఇంకో మాట. నేను పోయేదాకా ఆగితే ఈ ధోరణికి వాడే నాకంటే ముందు పోతాడు, లేదా ఆ కోడలుపిల్లని పొట్టన పెట్టుకుంటాడు. అందుకని మిగతా దఫాలు నా చావు కోసం కాచుకుని ఉన్నా, నాలుగోది ఆగదు. బతికుండగా ఇస్తే అది వీలునామా కాదమ్మా, దానపత్రం అవుతుంది, వేరే కాగితం రాయాలి అన్నాడు దస్తావేజులాయన. ఏ పత్రమైతే నాకేం నాయనా, వేరేదీ రాయి అన్నాను. తాళం చెవి ఈ పొద్దునే కోడలి చేతిలో పెట్టాను. ఆమె కొంగున ముడి వేసుకుంది. అబ్బాయి భోజనం మానేసి షెడ్డులో కూర్చున్నాడు, చెక్కముక్క తీస్తేనే తాళం ఇస్తానని కోడలు అందిట. వాడికి కోపం వచ్చింది. రానీ. కోపంగా ఉన్న కొడుకు ఇంట్లో కనబడుతూనే ఉంటాడు.

పై సంగతులన్నీ చదువుకుని, సరిగానే ఉన్నాయని సంతకం చేస్తున్నాను. వేలిముద్ర కాదు, సంతకమే.

తేదీ: జూలై 17
(సంతకం) మీ అమ్మ

సాక్షులు:
పక్కింటి టైలరు
మందుల షాపు ఆయన
(ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదట, అందుకే కోడల్ని పిలవలేదు. ఆమె అలిగితే ఎవరైనా చెప్పండి.)

తమ్ముడికి: ఇరవయ్యో తేదీ ఆదివారం మెకానిక్ కొత్త స్ప్రింగు తీసుకుని వస్తానన్నాడు. నువ్వూ రా. స్ప్రింగు వేశాక అబ్బాయిని సీటు మీద కూర్చోబెట్టి, ఇంజను వేయించి, లేవమను. ఆగిందో లేదో నీ చెవులతో విను. నేను కిటికీ దగ్గర ఉంటాను, అంతకంటే దగ్గరికి రాలేను. ఇరవయ్యో తేదీ, పొద్దున తొమ్మిదింటికి. ఆలస్యం చెయ్యకు.