చింపాంజీకి నా పేరు

దుమ్ముగూడెం

నవతా,

చింపాంజీల మీద పరిశోధన అంటూ నువ్వు వెళ్లిన ఆ ఆఫ్రికా అడవిలో ఫోన్ కలవదు కాబట్టి మీ మేనత్త ఈ ఉత్తరం రాస్తోంది.

తల్లి చచ్చిపోయిన పిల్లను పక్కలో పడుకోబెట్టుకుంటున్న ఆడ చింపాంజీకి నా పేరు పెట్టావట. పోయిన నెల టౌనుకు వచ్చినప్పుడు నువ్వు పంపిన ఫోటో చూసి మీ మామ, "ఏందే, అచ్చం నీ లెక్కనే మూతి ముడుసుకున్నది" అన్నాడు. ఫ్యామిలీ గ్రూపులో అందరూ "అవ్" అని రాశారు. వెంటనే ఆ పేరు మార్చు.

పిల్లకు దిగులెంతుందో తెలుసుకోవడానికి దాని ఉచ్చ పట్టి పరీక్షకు పంపుతావట కదా. మీ అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చిన కొత్తలో, పక్కలో పడుకుని రోజూ నా చీర తడిపేదానివి. నేను ఏ ల్యాబుకూ పంపలేదు, ఉతికి ఆరేసుకున్నాను. చీర పొడిగా ఉన్న పొద్దున నీ దిగులు తగ్గిందని తెలిసింది.

భద్రాచలం తలంబ్రాలు పంపుతున్నాను. పెళ్లి కుదరాలని నీ నెత్తిన వేసుకో. జాలిపడి ఆ పిల్ల మీద వేయకు, దానికింకా వయసు రాలేదు.

అది ఇప్పుడు ఉలిక్కిపడకుండా నిద్రపోతోందా? నిద్రపోతుంటే నా పేరు అట్లాగే ఉండనీ. మీ మామ సంగతి నేను చూసుకుంటాను.

మీ అత్త