సముద్రపు మంచుకు రెండో పిలుపు

సియోరపలుక్,
డిసెంబరు 9, మంగళవారం.

గౌరవనీయులైన సముద్రపు మంచుగారికి,

వేటగాడు ఇమీనా కూతురు తుకుమ్మెక్ వినయంగా రాసుకునేది. మేమంతా క్షేమమని రాయడం మర్యాద కనక అలాగే రాస్తున్నాను. మీ క్షేమం అడగడానికే భయంగా ఉంది.

గత గురువారం మీరు మా ఊరికి వచ్చినందుకు చాలా సంతోషం. అంత త్వరగా వెళ్లిపోవడానికి కారణం మా తప్పేనని తేలింది. అది దిద్దుకోవడానికే ఈ ఉత్తరం.

మిమ్మల్ని పిలవాలన్న ఆలోచన మా నానమ్మది. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది, ఒడ్డు దగ్గర నీళ్లు ఇంకా నల్లగా ఊగుతూనే ఉన్నాయి. "ఏటేటా తనే వస్తుంది కదా అని ఒక్కసారైనా పిలిచామా? ఎవరికైనా మనసు నొచ్చుకోదూ?" అంది నానమ్మ. మా ఇంట్లో బడి ముఖం చూసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని "ఇన్నేళ్లు చదివావు కదే, నాలుగు మంచి ముక్కలు రాయి" అని కాగితం నా ముందు పెట్టింది. నాకు సిగ్గేసింది. మీరెందుకు రావడం మానేస్తున్నారో నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ కారణాల్లో మా ఊరివాళ్ల చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు. అందుకే పిలుపు రాశాను.

పుట్టినరోజుకైనా, పిల్లల మొదటి వేటకైనా ఊరందరినీ కాఫీకి పిలిచినట్టే మిమ్మల్నీ పిలిచాను. ఉత్తరానికి రాయి కట్టి నీళ్లలో వేశాను. మీరు వేడికి ఆగరని నానమ్మ పొయ్యి ఆర్పించింది, కిటికీ తెరిపించింది. అందరం కోట్లు విప్పకుండానే కేకులు తిన్నాం. మీ కాఫీ కిటికీ అంచున చల్లారబెట్టాం. "అతిథి వచ్చేలోగా మనమే గడ్డకట్టేలా ఉన్నాం ముసలమ్మా" అని పక్కింటి ఊసక్కాక్ బాబాయి నవ్వాడు. "నోర్ముయ్యరా, వచ్చేవాళ్లు వింటారు" అని నానమ్మ కసిరింది.

మీరు నిజంగానే వచ్చారు. ఒడ్డు దీపాల వెలుగులో బూడిదరంగుగా పరుచుకున్నారు. మా పన్నెండు కుక్కలూ గొలుసులు తెంపుకునేలా అరిచాయి. నాన్న ఈటె పట్టుకుని పరుగెత్తాడు. ఈటె దిగిపోకుండా మూడు పోట్లకు ఆగితేనే మీ మీదికి కుక్కల బండి ఎక్కించాలి. మొదటి పోటుకే ఈటె పిడిదాకా దిగిపోయింది. "ఇంకా లేత. రెండ్రోజులు ఆగుదాం" అన్నాడు, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. శుక్రవారం గాలి తిరిగింది. మీరు లేరు.

"మీరు పిలిచింది కాఫీకి. తాగింది, పోయింది. ఎంత మర్యాద తెలిసిన అతిథో చూడండి!" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. కాఫీకి వచ్చినవాళ్లు ఎక్కువసేపు కూర్చోరు, వెనక వచ్చేవాళ్లకు కుర్చీ వదలాలి. అది తెలిసీ నేనే అలా రాశాను.

కాబట్టి ఈసారి స్పష్టంగా రాస్తున్నాను. ఇది కాఫీకి పిలుపు కాదు. వచ్చి మే నెలదాకా ఉండిపోండి. మీరు లేనిదే వాల్రస్ వేట లేదు, వేట లేనిదే కుక్కలకు తిండి లేదు. ఎండు చేపలు ఆదివారంతో అయిపోయాయి. వాటిని ఆకలితో చంపుకోవడం కంటే తుపాకీ నయమని నాన్న రెండుసార్లు అన్నాడు. అని, ఆ మాట తనది కానట్టు కుక్కల పట్టీలు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

మేదాకా వీలుపడకపోతే పది రోజులు. మూడు పోట్లకు ఆగేంత మందంగా, పదంటే పదే రోజులు.

ఇట్లు,
మీ కోసం వాకిలి తెరిచి ఉంచిన,
తుకుమ్మెక్

తా.క. అబద్ధంతో ఉత్తరం ముగించలేను. ఈ రెండో పిలుపు నా ఆలోచన కాదు, నాన్నది. మొదటి ఉత్తరాన్ని బాబాయితో కలిసి వెక్కిరించినవాడే ఈ ఉదయం కాగితం తెచ్చిచ్చి, "మళ్లీ రాయమ్మా. తొందరేం లేదు, పొడుగ్గా రాయి. బయటికి మాత్రం రాకు" అన్నాడు. నానమ్మ రేడియో గట్టిగా పెట్టింది. కేకుల సంగతి రాస్తుండగా మొదటి తుపాకీ చప్పుడు వినబడింది. కలం ఆపాను. "ఆపకు, రాయి" అంది నానమ్మ, నా వైపు చూడకుండా. రాస్తూనే లెక్కపెట్టాను. పదకొండు అయ్యాయి. పన్నెండోది ఇంకా వినబడలేదు. రాదలచుకుంటే ఇప్పుడే రండి.