3816547290: ఇక నోరెత్తను

సోమవారం, ఉదయం
ఇవాళ్టి నుంచి నా కుర్చీలో కూర్చున్న ఏ పేషెంటుకీ 3816547290 గురించి చెప్పను. ఒట్టు!
నర్సమ్మ పెట్టిన ఆంక్ష ఇది. "డాక్టరమ్మా, నోరు తెరిచి కూర్చున్నవాళ్ళు వద్దనలేరనేగా మీ ధైర్యం! మొన్నొకాయన సగం పన్నుతో ఎదురు వీధి డాక్టరు దగ్గరికి పోయాడు. ఇంకొక్కరు పోతే నేనూ పోతా" అంది. తను లేకపోతే క్లినిక్కుకి తాళమే.
అయినా మానేయడం ఎంతసేపు? సిగరెట్టా, మందా? ఒక సంఖ్య!

సోమవారం, సాయంత్రం
ఒక్క ముక్క జారలేదు. అందరితో ఎండల గురించే మాట్లాడాను. అబ్బో, ఎంత ప్రశాంతం!

మంగళవారం
ఇక్కడ రాసుకుంటే తప్పులేదు. డైరీకి పళ్ళుండవు.
సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ ఉన్నాయి, ఒక్కోటీ ఒక్కసారే. మొదటి రెండంకెలు, 38, రెండుతో పోతుంది. మొదటి మూడు, 381, మూడుతో. 3816 నాలుగుతో. అలా అలా మొత్తం పదీ పదితో. ఎక్కడా శేషం మిగలదు! ఆ పదంకెల్నీ ఎన్ని లక్షల రకాలుగా పేర్చినా ఈ గుణం ఉన్నది ఇదొక్కదానికే.
దీన్ని కడుపులో దాచుకోమంటే ఎలా?

బుధవారం
బ్యాంకు మేనేజరుగారికి చెప్పాను. అదీ మత్తింజెక్షన్ ఇచ్చాకే. మొద్దుబారిన నోటికి చెప్తే చెప్పినట్టు కాదు. (చెవులు మొద్దుబారవుగా, అన్నారు మావారు. ఈయనకి అన్నీ కావాలి.)
తర్వాత దర్జీ ఆవిడ. ఆవిడే మొదలెట్టింది! ఫోన్ నంబరు చెప్తూ మధ్యలో "మూడు, ఎనిమిది" అంది. ఎవరాగుతారు? 38 దాకానే చెప్పాను. సరే, 381654 దాకా.
నర్సమ్మ చూపుకి నా చేతిలో అద్దం జారింది.

గురువారం
లారీ డ్రైవరు. గుమ్మం నిండా మనిషి. జ్ఞానదంతం చీము పట్టి దవడ బంతిలా ఉబ్బింది. ఒళ్ళు కాలిపోతోంది. ఇవాళ తీయకపోతే ప్రాణం మీదకే.
సూది చూడగానే నా మణికట్టు పట్టేసుకున్నాడు. "వద్దమ్మా, నావల్ల కాదు." కళ్ళలో నీళ్ళు. బతిమాలాను. కసిరాను. లేచి తలుపు దాకా వెళ్ళిపోయాడు!
నర్సమ్మ అడ్డం నిలబడి, నావైపు తిరిగి, "చెప్పండి. ఆ నంబరు చెప్పండి" అంది.
కూర్చోబెట్టి చెప్పాను. 38 అంటే "రెండుతో పోద్ది" అన్నాడు. 381 అంటే వేళ్ళు మడిచాడు. ఈలోగా సూది దిగింది, తెలియనే లేదు. మత్తెక్కాక, "3816547. ఏడుతో పోతుందో లేదో మీరే చూడండి" అన్నాను. కళ్ళు మూసి, నుదురు ముడేసి లెక్కలో పడ్డాడు. పన్ను ఊగింది. కదిలింది. వచ్చేసింది!
"ఫోయింది!" అని అరిచాడు.
"అవును, పీడ పోయింది."
"ఫన్ను కాదమ్మా! ఏడుతో ఫోయింది!"

శుక్రవారం
డ్రైవరు ఫోన్ చేశాడు. జ్వరం తగ్గిందట. ఎనిమిదితో కూడా పోయిందట.
నర్సమ్మ ఉద్యోగం మానట్లేదు. "అది వైద్యం. మిగతాదంతా సోది" అంది.

సోమవారం
ఇవాళ్టి నుంచి, పన్ను తీసేటప్పుడు భయపడేవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పను. ఈసారి గట్టిగా! ఒట్టు!
మొదటి పేషెంటు ఒక టీచరమ్మ. పళ్ళు శుభ్రం చేయించుకోడానికొచ్చింది, అంతే.
"భయంగా ఉందా?" అన్నాను.
"లేదండీ."
"ఒక్క రవ్వ కూడా?"
"మీరిలా అడుగుతుంటే మొదలవుతోంది" అంది, పాపం.