ముప్పై మందికి ఒక మాస్కు

పెనుకొండ శిక్షణ కేంద్రం మేనేజరు గారికి,

మీకు నమస్కారం పెట్టడానికి చేతులు రావడం లేదు. పంటలకు మందు కొట్టే పని నేర్చుకున్నామని మీ దగ్గర సర్టిఫికెట్ తీసుకున్న ముప్పై మందిలో నేనొకణ్ణి. ఇంకొకడు తిరుపాల్. పోయిన వారం చెన్నేకొత్తపల్లి దగ్గర టమోటా తోటలో, ఎదురుగాలికి మందంతా ముఖాన పడి చనిపోయినాడు.

మీ శిక్షణ ఏమిటో మీకూ నాకూ ఇద్దరికీ తెలుసు. స్ప్రేయర్‌లో ఉత్త నీళ్లు పోసి, ఉన్న ఒక్క మాస్కును ఒకరి మూతి నుంచి ఊడదీసి ఇంకొకరికి తగిలించి ఫోటోలు తీసినారు.

"గాలి వీస్తాంటే ఎటు తిరిగి కొట్టాల సార్?" అని తిరుపాల్ అడిగినాడు.

"ముందు కెమెరా తట్టు తిరగప్పా" అన్నారు మీరు. అందరం నవ్వినాము. పదిహేను రోజుల హాజరుకు ఆ పూటే సంతకాలు చేసినాము.

ఇప్పుడు ఈ చావు మీద విచారణకు వచ్చిన ఆఫీసరు, మాస్కుతో ఉన్న తిరుపాల్ ఫోటో వాని భార్య రాధకు చూపించి, "ట్రైనింగ్ అయినోడే కదమ్మా, తప్పు నీ మొగునిదే" అని చెప్పి పోయినాడు. పరిహారం రాదంట.

ఏమీ నేర్పలేదని మీరు రాసివ్వాల. సోమవారం వస్తాను. నేర్చుకోకుండానే సంతకం చేసినానని ముందు నేనే రాసిస్తాను. కేసు పెడితే నా మీద పెట్టుకోండి. చచ్చినోని మీద తప్పు మోపొద్దండి.

మీ మూడో బ్యాచ్‌లో బతికున్నవాడు