తల్లికుక్కకు పెట్టిన రొట్టె

ఏమయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పల్లిచేను కావలికి కుక్కపిల్ల కావాలని ఎప్పుడూ అనేవాడివి కదా, తెచ్చాను. పక్కింటి మహబూబ్‌బీ వాళ్ల కుక్క పిల్లలు పెట్టింది. ఏమివ్వాలని అడిగాను.

"పైసలేంది అక్కా? తల్లికి రొట్టె పెట్టి పిల్లను తీస్కపో. ఉత్తగ తీస్కపోతే అది నీ ఇంట్ల నిలవదు," అంది.

రొట్టె కోసం మళ్లీ పొయ్యి వెలిగించలేదు. జొన్నపిండి ఇప్పటికీ ఇద్దరికే కలుపుతున్నాను. నీ రొట్టె రోజూ మిగులుతుంది. దాన్నే తీసుకెళ్లాను. తల్లి తినేదాకా నిలబడి, పిల్లను కొంగులో వేసుకుని వచ్చాను.

ఇప్పుడది గడప దగ్గర నిద్రపోతోంది. ఇంకా పేరు పెట్టలేదు. రేపు కూడా పిండి ఇద్దరికే కలుపుతాను.